ఓటరు కార్డు, ఓటరు లిస్టు, పోలింగ్ బూత్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఎన్నికల్లోనూ పోలింగ్ రోజు బూత్ బయట వినిపించే మాట ఒకటుంది: "కార్డుంది, పేరు లేదంటున్నారు." ఆ రోజు ఎవరి కాళ్లు పట్టుకున్నా పని జరగదు. నెల ముందు ఐదు నిమిషాలు కేటాయిస్తే చాలావరకు సరిచేసుకోవచ్చు. కింది జవాబులు లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు సంబంధించినవి. పంచాయతీ, మున్సిపల్, ఎమ్మెల్సీ ఎన్నికల సంగతి ఆఖరున ఉంది.

నా దగ్గర ఓటరు కార్డు ఉంది. ఓటు ఉన్నట్టేనా?

ఉన్నట్టు కాదు. ఓటు ఉందో లేదో తేల్చేది లిస్టు. ఆ నియోజకవర్గం ఓటర్ల జాబితాలో పేరు లేనివారికి ఓటేసే హక్కు లేదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ చెబుతుంది. లిస్టులో ఉన్న మనిషి మీరేనని చూపడం వరకే కార్డు పని. అందుకే కార్డు పోయినవాళ్లు వేరే గుర్తింపు చూపించి ఓటేయగలరు. పేరు పోయినవాళ్లు మాత్రం పదేళ్ల నాటి కార్డు చూపించినా వేయలేరు. 2018 డిసెంబరు 7న తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ రోజు జరిగింది ఇదే. కార్డులు పట్టుకుని వచ్చిన ఎంతోమంది పేర్లు లిస్టులో లేవు. తన పేరు కూడా లేదని బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల బహిరంగంగానే చెప్పారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణతో ఆ రోజు పోయిన ఓటు తిరిగిరాదు కదా.

లిస్టులో పేరు ఎలా చూసుకోవాలి?

ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లోగానీ, దాని యాప్‌లోగానీ, 1950కి ఫోన్ చేసిగానీ చూసుకోవచ్చు. పోర్టల్‌లో మూడు దారులున్నాయి: కార్డు నంబరుతో, పేరు వివరాలతో, మొబైల్ నంబరుతో. మొదట కార్డు నంబరుతో వెతకండి. అది మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన పాత కార్డుల మీద "ఏపీ" అని మొదలై మధ్యలో గీతలుండే పొడవైన నంబరు ఉంటుంది. ఆ నంబరుతో దొరకకపోతే పేరు పోయిందని అనుకోకండి, దాని స్థానంలో కొత్త నంబరు ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, జిల్లా, నియోజకవర్గం ఇచ్చి వెతకాలి. ఇంటిపేరు ముందుంటే ఒకలా, వెనకుంటే ఒకలా నమోదై ఉంటుంది. రెండు రకాలుగానూ ప్రయత్నించండి.

పేరు దొరికాక నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి: నియోజకవర్గం, పార్ట్ నంబరు (నియోజకవర్గం జాబితాలో మీ బూత్ భాగం నంబరు), సీరియల్ నంబరు, పోలింగ్ కేంద్రం. పోలింగ్ రోజు బూత్ లోపల మొదటి అధికారి వెతికేది సీరియల్ నంబరు పట్టుకునే.

ఇంకాస్త ఓపికుంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో మీ పార్ట్ పీడీఎఫ్ మొత్తం దించుకోండి. ఇంటి నంబరు వారీగా ఇంట్లో అందరి పేర్లూ ఒకేచోట కనిపిస్తాయి. చివర్లో ఉండే అనుబంధ జాబితాలను వదిలేయకండి. కొత్తగా చేర్చినవీ తీసేసినవీ అక్కడే ఉంటాయి. తీసేసిన పేరు మీద అడ్డంగా ముద్ర కనిపిస్తుంది. కనీసం రెండుసార్లు చూడాలి: ముసాయిదా జాబితా ఇచ్చినప్పుడు ఒకసారి, ఎన్నికల షెడ్యూల్ వచ్చిన రోజే ఇంకోసారి.

ఏ తప్పూ చేయకుండా పేరు ఎందుకు పోతుంది?

ఎక్కువగా జరిగేది ఇది. బూత్ లెవెల్ ఆఫీసర్, అందరూ బీఎల్వో అనే మనిషి, ఇంటింటి సర్వేకి పగటిపూట వస్తారు. తాళం వేసి ఉంటుంది. పక్కింటివాళ్లు "ఖాళీ చేసినట్టున్నారు" అంటారు. "ఇల్లు మారారు" అని రాసుకుంటారు. అపార్టుమెంట్లలో వాచ్‌మన్ చెప్పిందే రికార్డుకెక్కుతుంది. రెండోది, ఒకే పేరు, ఒకే వయసు, ఒకేలాంటి ఫొటో ఉన్న ఇద్దరిని సాఫ్ట్‌వేర్ ఒకరిగా చూపించడం. మూడోది, ఇంట్లో ఒకరు చనిపోతే వారి పేరుకు బదులు మరొకరిది తీసేయడం. నాలుగోది ఫారం 7.

మరొకరి పేరు తీసేయమని అడిగే దరఖాస్తే ఫారం 7. ఆ నియోజకవర్గంలో ఓటరైనవారు మాత్రమే దాన్ని పెట్టగలరు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇవి ఆన్‌లైన్‌లో కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిందని కూడా తెలియనివాళ్లు చాలామంది. పోలీసు కేసులు నమోదయ్యాయి. 2025లో ఆన్‌లైన్ దరఖాస్తులకు ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్‌కు ఓటీపీ పంపి ఈ-సంతకం తీసుకునే పద్ధతి పెట్టారు.

చట్టం ప్రకారం మీకు నోటీసు ఇచ్చి, మీ మాట వినే అవకాశం ఇచ్చాకే పేరు తీయాలి. చిక్కేమిటంటే ఆ నోటీసు లిస్టులో ఉన్న చిరునామాకే వెళ్తుంది. మీరు అక్కడ లేకపోతే మీకు అందదు, జవాబు ఇవ్వలేదని పేరు తీసేస్తారు. ఇల్లు మారగానే చిరునామా మార్పించుకోమని ఇంతగా చెప్పేది అందుకే.

తీసేశారని తెలిస్తే ఏం చేయాలి?

రెండు పనులు కలిపి చేయండి. ఎన్నికలు దగ్గర్లో ఉంటే ముందు ఫారం 6తో, అంటే పేరు చేర్చమని అడిగే దరఖాస్తుతో, మళ్లీ చేర్పించుకోండి, అదే తొందరగా తేలే దారి. తీసేయడం అన్యాయమనిపిస్తే ఓటరు నమోదు అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కు, అప్పీలు పెట్టవచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. ఎందుకు తీశారో రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా అడిగితే "సిస్టమ్‌లో పోయింది" అనేదే జవాబుగా వస్తుంది.

కొత్తగా 18 నిండాయి. ఎప్పుడు, ఎలా నమోదు చేసుకోవాలి?

ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది ఓటు వచ్చేది. 2021 చట్ట సవరణ తర్వాత ఏడాదికి నాలుగు తేదీలయ్యాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 18 నిండిన తర్వాత వచ్చే తేదీకి పేరు చేరుతుంది.

ఫారం 6 నింపాలి. తెల్లని నేపథ్యంతో ఈమధ్య తీయించుకున్న ఫొటో కావాలి. వయసుకు జనన ధ్రువపత్రం, పదో తరగతి లేదా ఇంటర్ మార్కుల సర్టిఫికెట్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఆధార్, పాస్‌పోర్టులలో ఏదైనా ఒకటి సరిపోతుంది. చిరునామాకు ఆధార్, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, కరెంటు, నీటి, గ్యాస్ బిల్లులు, రిజిస్టరైన అద్దె ఒప్పందం, రిజిస్టరైన అమ్మకం దస్తావేజు, రెవెన్యూ శాఖ భూమి పత్రాలు చెల్లుతాయి. బిల్లు మీ పేరునే ఉండక్కర్లేదు. తల్లిదండ్రుల పేరున ఉన్నది పెట్టవచ్చు.

ఇంట్లో ఇప్పటికే ఓటున్నవారి కార్డు నంబరు ఫారంలో అడుగుతారు. తప్పకుండా రాయండి. అది వదిలేస్తే మీ పేరు వేరే పార్ట్‌లో పడి, అమ్మానాన్నలు ఒక బూత్‌కూ మీరు మరో బూత్‌కూ వెళ్లాల్సి వస్తుంది. పేరు తెలుగులో ఎలా పడుతుందో కూడా చూసుకోండి. ఇంగ్లిష్‌లో టైప్ చేసింది యంత్రం తెలుగులోకి మారుస్తుంది. "ళ" ఉండాల్సినచోట "ల", దీర్ఘం ఉండాల్సినచోట హ్రస్వం పడుతుంటాయి. పంపేముందే దిద్దుకుంటే, తప్పులు సరిచేయడానికి మళ్లీ ఫారం 8 పెట్టే పని తప్పుతుంది.

హాస్టల్లో ఉండే విద్యార్థులు సొంతూళ్లోనో చదివే ఊళ్లోనో ఒకచోట నమోదు చేసుకోవచ్చు. హాస్టల్ చిరునామా ఇస్తే ప్రిన్సిపల్ లేదా రిజిస్ట్రార్ ధ్రువీకరించిన డిక్లరేషన్ జతచేయాలి.

అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇంటి ఓనరు ఒప్పుకోవాలా?

అక్కర్లేదు. చట్టం చూసేది మీరు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారన్నదే. సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడ ఓటు వచ్చేయదు, లేనంత మాత్రాన పోదు. ఇబ్బందల్లా కాగితాల దగ్గరే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో జరిగేది 11 నెలల అగ్రిమెంటు. దాన్ని రిజిస్టర్ చేయించరు కాబట్టి రుజువుగా చెల్లదు. ముందు ఆధార్‌లోనో బ్యాంకు పాస్‌బుక్‌లోనో కొత్త చిరునామా మార్పించుకుని దాన్ని జతచేయండి. ఇంటిముందు నంబరు పాతదీ కొత్తదీ రెండూ ఉంటే రెండూ రాయండి, దగ్గర్లోని గుడో బడో గుర్తుగా ఇవ్వండి. ఫారంలో మొబైల్ నంబరు సరిగ్గా ఉంటే, తాళం కనిపించినా బీఎల్వో ఫోన్ చేసే వీలుంటుంది. దరఖాస్తులు తిరస్కరించడానికి రాసే కారణాల్లో "చిరునామాలో లేరు" అన్నది తరచుగా కనిపిస్తుంది.

ఊళ్లో ఓటుంది. హైదరాబాద్‌లో కూడా పెట్టుకోవచ్చా?

కుదరదు. ఒక మనిషికి ఒకచోటే ఓటు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్లు రెండో నమోదును నిషేధిస్తాయి. ఇంకెక్కడా ఓటు లేదని ఫారం 6లో సంతకం చేస్తారు. అది అబద్ధమైతే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేర్లున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. "ఎటూ పోలింగ్ వేర్వేరు తేదీల్లోనే కదా" అనుకునేవారూ ఉన్నారు. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ జరిగింది. తేదీలు వేరైనా అది నేరమే.

ఊరి నుంచి మారాలంటే ఫారం 6 పెట్టకూడదు. ఫారం 8లో "నివాసం మార్పు" ఎంచుకోవాలి. పాత నియోజకవర్గంలో పేరు తీయడం, కొత్తచోట చేర్చడం దానితోనే జరుగుతాయి, కార్డు నంబరు అలాగే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఫారం 6 పెట్టడంతో రెండు నమోదులు ఏర్పడి, సాఫ్ట్‌వేర్ పట్టేసి, ఒక్కోసారి మీకు కావాల్సిందే ఎగిరిపోతుంది.

పనికోసం ఆర్నెల్లు బయటకు వెళ్లినంత మాత్రాన ఊరి ఓటు పోదు. తాత్కాలికంగా లేకపోవడం నివాసం మారడం కిందికి రాదని 20వ సెక్షన్‌లోనే ఉంది. వలస వెళ్లే పాలమూరు, శ్రీకాకుళం కూలీల పేర్లు "ఊళ్లో ఉండట్లేదు" అని తీసేస్తామంటే ఈ సెక్షన్ చూపించి అభ్యంతరం చెప్పండి.

పెళ్లయ్యాక అత్తగారింటికి వెళ్లినవారు?

అదే ఫారం 8. చిరునామా మార్పుతోపాటు ఇంటిపేరు, తండ్రి పేరు బదులు భర్త పేరు కూడా మార్పించుకోవచ్చు. ఇంటిపేరు మార్చుకోవడం మీ ఇష్టం, తప్పనిసరి కాదు.

ఏ కాగితాలూ లేవు. ఉండటానికి ఇల్లే లేదు. ఓటు రాదా?

వస్తుంది. జాబితాలోని పత్రాలేవీ లేకపోతే క్షేత్రస్థాయి విచారణ చేసి నమోదు చేయాలని ఫారం 6లోనే రాసి ఉంటుంది. ఇల్లు లేనివారు రాత్రి ఎక్కడ పడుకుంటారో ఆ చోటునే చిరునామాగా ఇవ్వాలి: ఫుట్‌పాత్, ఫ్లైఓవర్ కింద, బస్టాండు పక్క. బీఎల్వో రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూడాలి, అవసరమైతే ఒకటికి రెండు రాత్రులు. చిరునామా కాగితం అడగకూడదు. నల్లమల చెంచు పెంటల్లో, ఏజెన్సీ గూడేల్లో ఉండేవారికి కూడా కాగితం లేదన్నది తిరస్కరించడానికి కారణం కాకూడదు. కాగితం లేదని ఎవరైనా ఫారం తీసుకోకపోతే కలెక్టరేటులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఈ హక్కు అందరికంటే ఎక్కువ అవసరమైంది వీరికే, తరచుగా అందనిదీ వీరికే.

ఫారం పెట్టాక ఎన్నాళ్లు పడుతుంది? ఆఖరి తేదీ ఏది?

దరఖాస్తు వివరాలు ప్రకటించి, అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వాలి. బీఎల్వో విచారణ కూడా ఉంటుంది. అందుకని ఎవరు తొందరపెట్టినా వారంలోపు పేరు చేరదు. నామినేషన్ల ఆఖరి రోజు దాటాక ఆ ఎన్నికకు లిస్టులో చేర్పులు ఉండవు. ఈ రెండూ కలిపి చూస్తే నామినేషన్ల ఆఖరి తేదీకి పది రోజుల ముందే దరఖాస్తు అందాలి. 2024లో రెండు తెలుగు రాష్ట్రాల్లో నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి, కనుక దరఖాస్తుకు ఏప్రిల్ 15 ఆఖరు. ఏప్రిల్ 20న పెట్టినవారి ఫారం తీసుకున్నారు, పేరు మాత్రం ఎన్నికల తర్వాతి జాబితాకే. దరఖాస్తు చేయగానే వచ్చే రిఫరెన్స్ నంబరు భద్రంగా ఉంచుకోండి, వారానికోసారి స్థితి చూసుకోండి.

బూత్‌లో ఏ గుర్తింపు చూపించాలి?

ఓటరు కార్డు ఉంటే అదే. లేకపోతే 2024 లోక్‌సభ ఎన్నికలకు ఎన్నికల సంఘం ఒప్పుకున్నవి ఇవి: ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, కార్మిక శాఖ పథకం కింద ఇచ్చిన ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ స్మార్ట్ కార్డు, ఫొటో ఉన్న పెన్షన్ పత్రం, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, ప్రభుత్వ, ప్రభుత్వరంగ, పబ్లిక్ లిమిటెడ్ సంస్థల ఉద్యోగి కార్డు, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీల అధికారిక కార్డు. ప్రతి ఎన్నికకూ ఈ జాబితా మళ్లీ ప్రకటిస్తారు, ఒకసారి సరిచూసుకోండి.

ఆ జాబితాలో లేనివీ గుర్తుపెట్టుకోండి: రేషన్ కార్డు, కాలేజీ గుర్తింపు కార్డు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ బ్యాడ్జి. ఒరిజినల్ పట్టుకెళ్లండి, జిరాక్స్‌ను నమ్ముకోకండి.

ఈ-ఎపిక్ ఫోన్లో ఉంటే చాలదా?

ఈ-ఎపిక్ అంటే ఆన్‌లైన్‌లో దించుకునే ఓటరు కార్డు. 2021 జనవరి 25న మొదలైన ఆ పీడీఎఫ్ చెల్లుతుంది. కానీ ఫోన్ లోపలికి రానివ్వరు. ప్రింటు తీసుకుని వెళ్లండి.

ఓటరు స్లిప్పు రాలేదు. ఓటేయనిస్తారా?

వేయనిస్తారు. స్లిప్పు సీరియల్ నంబరు చెప్పే చీటీ, అంతే. 2019 నుంచి అది గుర్తింపుగా చెల్లదు, కాబట్టి స్లిప్పు ఒక్కటే తెచ్చుకున్నా పని జరగదు.

కార్డులో పేరు ఒకలా, లిస్టులో ఒకలా ఉంది. ఫొటో కూడా గుర్తుపట్టేలా లేదు.

అక్షర దోషాలు, వయసు తేడా, ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండటం వంటి చిన్న తప్పులను పట్టించుకోవద్దని, మనిషి వారేనని తేలితే చాలని ప్రిసైడింగ్ అధికారులకు, అంటే బూత్ బాధ్యత చూసేవారికి, ఆదేశాలున్నాయి. పుట్టింటి ఇంటిపేరుతో లిస్టు, మెట్టినింటి ఇంటిపేరుతో ఆధార్ ఉన్నవారు రెండు గుర్తింపులు తీసుకెళ్తే మాటలు పెరగవు. ఫొటో అసలు కలవకపోతే మాత్రం పైన చెప్పిన ఇంకో పత్రం చూపించాల్సిందే. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన ఓటరు కార్డు కూడా, ఇక్కడి లిస్టులో పేరుంటే, చెల్లుతుంది.

బురఖా, పరదా వేసుకున్నవారిని ఎవరు చూస్తారు? మహిళా సిబ్బంది, చాటున. అభ్యర్థుల తరఫున కూర్చునే పోలింగ్ ఏజెంట్లకు ముఖం చూపించాల్సిన పని లేదు.

నేను వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారు. ఏం చేయాలి?

వెనక్కి రావద్దు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి, అంటే మీ పేరున ఓటు పడిపోయాక విడిగా ఇచ్చే కాగితపు ఓటు. ఎన్నికల నిర్వహణ నియమావళి 49పి కింద అది మీ హక్కు. ఆయన మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతారు, గుర్తింపు చూస్తారు. తృప్తి పడితే ఫారం 17బిలో సంతకం తీసుకుని, వెనక టెండర్ ముద్ర వేసిన కాగితపు బ్యాలెట్ ఇస్తారు. ఈవీఎం బటన్ నొక్కనివ్వరు. బాణపు గుర్తుల రబ్బరు ముద్రతో మీకు కావలసిన అభ్యర్థి దగ్గర వేసి, మడిచి, ఆయనకే ఇవ్వాలి. దాన్ని విడిగా కవరులో పెడతారు. ఇందుకని ఒక్కో బూత్‌కూ సాధారణంగా 20 బ్యాలెట్లు ముందే ఇచ్చి ఉంచుతారు. "మా దగ్గర లేవు" అంటే, కొన్ని బూత్‌లను కలిపి చూసే సెక్టార్ అధికారికి ఫోన్ చేయమని అడగండి.

నిజం చెప్పుకోవాలి: లెక్కింపు రోజు ఈ ఓటు లెక్కలోకి రాదు. ఫలితం మీద కోర్టుకు వెళ్తే, కోర్టు అవసరమనుకుంటే అప్పుడు తెరుస్తారు. అయినా వేయండి. దొంగ ఓటు పడిందనడానికి రాతపూర్వకమైన రుజువు అదొక్కటే. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సీపీ జోషి ఒక్క ఓటుతో ఓడిపోయినప్పుడు టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పేరు లేకపోయినా ఆధార్ చూపించి "ఛాలెంజ్ ఓటు" వేయొచ్చని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

అబద్ధం. ప్రతి ఎన్నికకూ తిరుగుతుంది. అందులో చెప్పే 49ఏ నిబంధన ఈవీఎం ఎలా ఉండాలో చెప్పేది. బూత్‌లో 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ అనేదీ కల్పితమే.

అసలు ఛాలెంజ్ అంటే మరొకటి. పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి, "ఈ వచ్చినతను ఆ ఓటరు కాదు" అని అభ్యంతరం చెప్పడం. ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారిస్తారు. ఏజెంటు రుజువు చేయలేకపోతే మీరు ఓటేస్తారు. వేరేవారి పేరుతో వచ్చినట్టు తేలితే పోలీసులకు అప్పగిస్తారు. ఏజెంటుకు మీ కార్డు లాక్కునే అధికారం గానీ, మిమ్మల్ని ఆపే అధికారం గానీ లేవు.

లిస్టులో పేరుంది, కానీ "చనిపోయారు" లేదా "మారారు" జాబితాలో ఉన్నారంటున్నారు.

దాన్ని ఏఎస్‌డీ జాబితా అంటారు. ఇంటికి వెళ్లినప్పుడు దొరకనివారు, మారినవారు, చనిపోయినవారు అందులో ఉంటారు. అందులో ఉన్నంత మాత్రాన ఓటు పోదు. గుర్తింపు చూపించండి. ప్రిసైడింగ్ అధికారి స్వయంగా పరిశీలించి, ఓటేసినవారి పేర్లు రాసే 17ఏ రిజిస్టరులో సంతకంతోపాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటేయనివ్వాలి. "మీరు చనిపోయారు, వెళ్లండి" అనే మాట వినగానే నిస్సహాయంగా తిరిగి వెళ్లిపోయే పెద్దవాళ్లు ఉంటారు. పక్కనున్నవారు ఈ నిబంధన చెప్పి నిలబెట్టండి.

నాన్నగారికి 87 ఏళ్లు, కదలలేరు.

2024 నుంచి 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే పోస్టల్ బ్యాలెట్ ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. బీఎల్వోనే ఇంటికి తెచ్చిస్తారు. ఆ ఐదు రోజులు దాటిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. తర్వాత అధికారుల బృందం చెప్పిన రోజు వస్తుంది, ఆ రోజు లేకపోతే ఇంకోసారి వస్తుంది. ఆపైన రాదు. 12డి ఆమోదించాక బూత్‌కు వెళ్తే వేయనివ్వరు, కనుక ముందే ఆలోచించుకోండి. ఓటు ఆయనే వేయాలి, ఇంట్లోవాళ్లు "మేం చెప్తాం రాయండి" అనకూడదు.

బూత్‌కే వచ్చే చూపులేనివారు, చేతులాడనివారు 18 దాటిన ఒక తోడును లోపలికి తెచ్చుకోవచ్చు. ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు.

అమెరికాలో ఉన్నాను. ఓటేయగలనా?

భారత పౌరసత్వం ఉండి, వేరే దేశం పౌరసత్వం తీసుకోకపోతే వేయవచ్చు. హెచ్1బీ, గ్రీన్ కార్డు ఉన్నా పరవాలేదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారికి లేదు. ఫారం 6ఏ ఆన్‌లైన్‌లో పెట్టండి, పాస్‌పోర్టులోని భారత చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు చేరుతుంది. ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజు మనిషి రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది. ఆన్‌లైన్ ఓటింగ్ లేదు.

ఆధార్ ఇవ్వకపోతే పేరు తీసేస్తారా?

ఆధార్ ఇచ్చే ఫారం 6బి ఐచ్ఛికం. తగిన కారణంతో ఇవ్వలేనివారి పేరు తీయకూడదని, కొత్త దరఖాస్తు తిరస్కరించకూడదని 2021 సవరణలోనే ఉంది. తెలంగాణకు చెందిన జి. నిరంజన్ వేసిన పిటిషన్‌లో 2023లో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు ఇది తప్పనిసరి కాదనే చెప్పింది.

ప్రత్యేక సమగ్ర సవరణ అంటే ఏమిటి? కాగితాలు సిద్ధం చేసుకోవాలా?

ఇంటింటికీ ఫారాలిచ్చి జాబితాను కొత్తగా తయారుచేసే ప్రక్రియ. 2025 జూన్‌లో బీహార్‌లో మొదలైంది. ఆగస్టు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించమని సుప్రీంకోర్టు ఆదేశించింది, తర్వాత ఆధార్‌ను కూడా గుర్తింపు పత్రంగా తీసుకోమంది. అది పౌరసత్వానికి రుజువు కాదని కూడా స్పష్టం చేసింది. 2025 అక్టోబరులో ప్రకటించిన రెండో విడతలో తమిళనాడు, పుదుచ్చేరి ఉన్నాయి. పుదుచ్చేరి అంటే యానాం కూడా.

మీ రాష్ట్రంలో ప్రకటిస్తే రెండు పనులు చేయండి. ఒకటి, 2002–2004 మధ్య జరిగిన గత సవరణ జాబితాలో మీ పేరుగానీ, అమ్మానాన్నల పేరుగానీ ఏ పార్ట్‌లో, ఏ సీరియల్‌లో ఉందో వెతికి రాసిపెట్టుకోండి. అది దొరికితే సగం పని అయినట్టే. అప్పటి నియోజకవర్గం పేరుతో వెతకాలి, 2008 పునర్విభజనలో చాలా నియోజకవర్గాలు మారిపోయాయి. రెండు, పుట్టిన తేదీని బట్టి అడిగేవి మారతాయి. బీహార్‌లో పెట్టిన నిబంధన ప్రకారం 1987 జూలై 1కి ముందు పుట్టినవారు తమ పత్రం ఇస్తే చాలు. ఆ తర్వాత 2004 డిసెంబరు 2 వరకు పుట్టినవారు తల్లిదండ్రుల్లో ఒకరిది కూడా, ఆ తర్వాత పుట్టినవారు ఇద్దరివీ ఇవ్వాలి. ఫారం ఇచ్చాక రసీదు తీసుకోండి.

పోలింగ్ రోజు సెలవు ఇవ్వనంటున్నారు.

1951 చట్టం 135బి సెక్షన్ ప్రకారం జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. రోజుకూలీకి కూడా వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి 500 రూపాయల దాకా జరిమానా. ఆ మొత్తం చాలా తక్కువన్నది వేరే విషయం. 1950కి ఫోన్ చేస్తే కార్మిక శాఖ అధికారులను పంపిన సందర్భాలున్నాయి.

సమయం అయిపోయేసరికి క్యూలోనే ఉన్నాను.

గడువు నిమిషానికి వరుసలో ఉన్న ప్రతి ఒక్కరూ ఓటేస్తారు. వరుసలో ఆఖరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు సంతకం చేసిన చీటీలిస్తారు. చీటీ అందేదాకా కదలకండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బూత్‌లలో ఇలా అర్ధరాత్రి దాటేదాకా పోలింగ్ సాగింది.

జైల్లో ఉన్నవారికి?

విచారణ ఖైదీ అయినా సరే ఓటేయలేరు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం పోస్టల్ బ్యాలెట్ ఉంది. జైల్లో ఉన్నారని లిస్టులో పేరు తీయకూడదు.

పంచాయతీ, మున్సిపల్, ఎమ్మెల్సీ ఎన్నికలకు ఇదే లిస్టా?

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడదీస్తారు. కాబట్టి వార్డు లిస్టులో పేరు లేకపోతే ముందు అసెంబ్లీ లిస్టు చూడండి. అక్కడుండి ఇక్కడ లేకపోతే విడదీయడంలో జరిగిన తప్పు, పక్క వార్డులో పడి ఉండవచ్చు, అభ్యంతరాల గడువులో చెప్పాలి. ఒప్పుకునే గుర్తింపు పత్రాల జాబితా వేరుగా ప్రకటిస్తారు.

పట్టభద్రుల ఎమ్మెల్సీ జాబితా పూర్తిగా వేరు. అసెంబ్లీ ఓటున్నా ఫారం 18 విడిగా పెట్టాలి, ఉపాధ్యాయులైతే ఫారం 19. జాబితా తయారయ్యే ఏడాది నవంబరు 1 నాటికి, పట్టభద్రులకు డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. ప్రతి ఎన్నికకూ జాబితా మొదటి నుంచి తయారవుతుంది, కనుక కిందటిసారి ఓటేసినవారు కూడా మళ్లీ నమోదు చేసుకోవాలి.